జ కింద ఏదో ఉంది

చీకటి పడ్డాక ఆ లైబ్రరీ పై గదికి వెళ్ళొద్దంటారు. వెళ్ళినా తలుపు తీయొద్దంటారు. తీసినా... లోపల చదువుతున్నదెవరని మాత్రం అడగొద్దంటారు.

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. భయం ఉంది, అంతే. చిరిగిన పుస్తకాలు కుట్టి అట్టలు వేసే పని నాది. నెలకోసారి ఆ లైబ్రరీకి వెళ్ళి వెన్ను విరిగినవీ, పేజీలు ఊడినవీ మూట కట్టుకొస్తుంటాను. ఓసారి పై గదిలో పుస్తకాలు కాస్త కిందికి తెచ్చిపెట్టమంటే, ఊడ్చే ఆయా చీపురు గోడకానించి నా వైపు జాలిగా చూసింది.

"నేను పోనండీ. కావాలంటే మీరే పోండి. చెప్పులు మాత్రం ఇక్కడే విడిచి వెళ్ళండి. తిరిగి రాకపోతే మీ ఇంట్లోవాళ్ళకి ఇవ్వడానికి ఏదో ఒకటి ఉండాలి కదా."

నేను వెళ్ళలేదు. ఆ పుస్తకాలు చిరిగే ఉన్నాయి.

తర్వాత సంగతంతా లైబ్రరీ మేడం నోటితోనే విన్నాను. సగం చెప్పి ఆపేసింది. మిగతా సగం ఇంకోసారి వెళ్ళినప్పుడు, నేను అడక్కుండానే చెప్పింది. ఇందులో నేను కలిపింది ఏమీ లేదు — ఒకటో రెండో నిట్టూర్పులు తప్ప.

మొదట విన్నది వాచ్‌మన్. వాన వచ్చేలా ఉందని కిటికీలు మూయడానికి పైకి వెళ్ళాడట. వరండా చివర ఆ గది. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల లైటు వేసి లేదు. కానీ ఎవరో చదువుతున్నారు...

మీరూ నేనూ చదివినట్టు కాదు. కూడబలుక్కుని. ఒక్కో అక్షరాన్నీ తడిమి, పట్టుకుని, పక్కదానితో అతికించి —

"త... లు... పు... తలుపు."

అలా ఇంకో నాలుగైదు మాటలు. తర్వాత ఒక దగ్గు. పొడి దగ్గు.

వాచ్‌మన్ మెట్లు దిగాడో దొర్లాడో వాడికే తెలియదు. మర్నాటికల్లా వీధంతా పాకింది. నోట్లో నువ్వుగింజ నానని వాళ్ళు ఏ వీధిలోనైనా ఉంటారు కదా. ఒకరు అక్కడెవరో ఉరి వేసుకున్నారన్నారు. ఇంకొకరు ఆ భవనం సమాధుల మీద కట్టారన్నారు. పాత భవనం ఏదైనా సరే, మనవాళ్ళ నోట్లో పడితే దాని కింద సమాధులు ఉచితంగా వచ్చేస్తాయి.

మేడం మాత్రం నవ్వలేదు, కొట్టిపారెయ్యలేదు. వాచ్‌మన్‌ని పక్కకి పిలిచి నెమ్మదిగా ఒకే మాట అడిగింది.

"దగ్గు... నిజంగా విన్నావా?"

"విన్నానమ్మా."

తేలు కుట్టిన దొంగలా వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది. ఎందుకంటే ఆ దగ్గు ఎవరిదో ఆవిడకి తెలుసు. ఆ మనిషి పోయాడని కూడా తెలుసు.

ఆ గదిలో వారానికోసారి సాయంత్రం పూట పెద్దవాళ్ళ పుస్తకాల కూటమి జరుగుతుంది. అందరూ కలిసి ఒకే నవల తీసుకుంటారు. గుండ్రంగా కుర్చీలు వేసుకుని, ఒక్కొక్కరు ఒక్కో పేజీ పైకి చదువుతారు. తర్వాత దాని గురించి మాట్లాడుకుంటారు, కొట్లాడుకుంటారు, టీ తాగి ఇళ్ళకి పోతారు. కూటమి పెట్టిందీ, నడిపేదీ మేడమే. ఒక రిటైర్డు హెడ్ క్లర్కు ఉన్నాడు — ఆయన చదివితే రేడియోలో వార్తలు విన్నట్టే ఉంటుంది, వానపాట కూడా వార్తలాగే చదువుతాడు. ఒక నర్సమ్మ ఉంది. ఇంకా నలుగురైదుగురు.

వాళ్ళ మధ్యకి రంగుల తాత వచ్చాడు. ఇళ్ళకి రంగులు వేసే మనిషి. గోళ్ళ సందుల్లో ఎప్పుడూ ఏదో ఒక రంగు. కింద అంతస్తులో పెద్దలకి అక్షరాలు నేర్పే క్లాసు ఉంటే, ముసలితనంలో చేరి, వదలకుండా కూర్చుని, గుణింతాల దాకా గట్టెక్కాడు. వత్తుల దగ్గర మాత్రం బండి ఆగేది.

"అమ్మా, పైన అందరూ కథ చదువుకుంటున్నారంట కదా. నన్నూ రానిస్తారా?" అని అడిగాడట.

మేడం పొంగిపోయింది. తన లైబ్రరీలోనే అక్షరాలు నేర్చుకున్న మనిషి తన కూటమిలోకి మెట్లెక్కి వస్తున్నాడు మరి. రానివ్వడమే కాదు, నవలలో ముందున్న ఒక పేజీ తెరిచి చూపించింది.

"ఈ పేజీ మీది. మనం ఇక్కడికి వచ్చేసరికి చాలా వారాలు పడుతుంది. ఈలోగా ఇంట్లో చదివి పెట్టుకోండి. ఆ రోజు మీరే చదవాలి."

ఆయన అక్కడే, ఆవిడ బల్ల పక్కన నిలబడి, వేలు పెట్టి మొదలుపెట్టాడు. తలుపు తీసి చూస్తే వాకిట్లో ఎవరూ లేరు. ఎవరో పిలిచినట్టు మాత్రం ఆమెకు జ్ఞాపకం. ఇవీ మొదటి రెండు వాక్యాలు. 'లేరు' దాకా వచ్చి దగ్గాడు. రంగుల వాసన ఏళ్ళ తరబడి పీల్చిన దగ్గు. 'జ్ఞాపకం' దగ్గర వేలు ఆగిపోయింది.

"జ... జ కింద ఏదో ఉంది..." కళ్ళద్దాలు సర్దుకుని, పుస్తకం వెనక్కీ ముందుకీ జరిపి, చివరికి తలూపాడు. "ఇది తర్వాత చూద్దాం."

మేడం నవ్వింది. ఆయనా నవ్వాడు. ఆ నవ్వు ఇప్పటికీ కళ్ళ ముందే ఉందని నాతో అంది.

ఆ తర్వాత వారాలు గడిచాయి. మామూలు పేజీల్లో ఆయన వంతు వస్తే కూటమి నీరసపడిపోయేది. ఒక పేరా అయ్యేసరికి టీ చల్లారిపోయేది. హెడ్ క్లర్కు వాచీ చూసుకుంటూ, "మనం నవల వినడానికొచ్చామా, గుణింతాలు వినడానికా?" అని మేడం చెవిలో గొణిగేవాడు. ఇద్దరు మానేశారు కూడా. దాంతో మేడం ఒక ఉపాయం చేసింది. ఆయన పనిలోంచి వచ్చి, చేతులు కడుక్కుని, తలుపు పక్క కుర్చీలో కూర్చునేవాడు. ఈవిడ వంతులు అటు చివర, తన ఎడం పక్క నుంచి మొదలుపెట్టేది. తలుపు దాకా వచ్చేసరికి లైబ్రరీ మూసే బెల్లు మోగేది.

"అయ్యో, మీ వంతు వచ్చే వారం తాతగారూ."

"దానిదేముందమ్మా. నా పేజీ ఇంకా రాలేదుగా."

చివరికి ఆ పేజీ వచ్చింది. అదే రోజు పై ఆఫీసు నుంచి ఒక అధికారి కూడా వచ్చాడు. ఇలాంటి కూటములు ఉంచాలా, ఎత్తెయ్యాలా అని చూసి చెప్పే మనిషి. వెనక కుర్చీలో కూర్చున్నాడు, మొహంలో ఏ రంగూ లేకుండా.

రంగుల తాత ఆ రోజు పనిలోకే వెళ్ళలేదు. ఉతికిన చొక్కా తొడుక్కుని అందరికంటే ముందొచ్చి, తలుపు పక్క కాదు, మేడం ఎడం పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఎప్పుడూ ఎడం వైపు నుంచే కదా మొదలయ్యేది, తన పేజీ తనకే వస్తుందని.

మేడం అధికారి వైపు చూసింది. పుస్తకం వైపు చూసింది. ఆ రోజు కుడి వైపు నుంచి మొదలుపెట్టింది.

కుడి పక్కన హెడ్ క్లర్కు. ఆయన ఆ పేజీ గలగలా చదివేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అధికారి లేచి నిలబడి మరీ కొట్టి, మళ్ళీ ఒకసారి చదవమన్నాడు. రెండుసార్లూ రంగుల తాత తల దించుకుని, పేజీ మీద వేలు జరుపుకుంటూ వెళ్ళాడట. జ్ఞాపకం దగ్గర వేలు ఒక్క క్షణం ఆగిందట.

కూటమి నిలబడింది. ఆయన ఇంకో రెండు మూడు వారాలు వచ్చాడు. ఒక్క మాట అనలేదు. తర్వాత రావడం మానేశాడు. 'హమ్మయ్య' అనుకున్నానండీ అని మేడం నాతో చెప్పి, కొంగుతో మొహం తుడుచుకుంది. దగ్గు ముదిరి పోయాడని కబురు తెలిసేసరికి అన్నీ అయిపోయాయి. ఇంటికి వెళ్ళి పలకరించడానికి మొహం చెల్లలేదు. ఆయన ఇంట్లో ఏం చెప్పాడో! ఆ మేడం నా పేజీ లాక్కుని ఇంకొకరికి ఇచ్చిందని చెప్పి ఉంటే? ఆ ఇంటి గుమ్మంలో ఏ మొహంతో నిలబడాలి?

సరిగ్గా ఆ తర్వాతే పై గదిలో గొంతు మొదలైంది.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరు దెయ్యం మాటెత్తినా ఆవిడకి చెమటలు పట్టేవి. కంటి మీద కునుకు పోయింది. తిండి పోయింది. ఇక లాభం లేదని ఒక వాన సాయంత్రం అందరినీ పంపేసి, వాచ్‌మన్‌కి సెలవిచ్చి, కింద ఒక్కతే కూర్చుంది. చెప్పాల్సిన మాట మనసులో సిద్ధం చేసుకుంది — తాతగారూ, ఆ పేజీ మీదే, నేనే లాక్కున్నాను, నన్ను క్షమించండి. అంతే. ఆ తర్వాత ఆయన పీక పిసికినా సరే అనుకుంది.

చీకటి పడింది. వాన చప్పుడు...

ఆ చప్పుడులోంచి, పైనుంచి, గుసగుసగా —

"త... లు... పు..."

మెట్లెక్కింది. వరండాలో లైటు వెయ్యబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. దీపం వేస్తే ఆయన ఉండడేమో... లేక కనిపిస్తాడేమో. రెండిటికీ భయమే.

"తీ... సి... తీసి. చూ... స్తే... చూస్తే."

తలుపు దగ్గరికి వచ్చింది. తలుపు కింద సన్నని వెలుగు. అది కదులుతోంది.

"వా... కి... ట్లో... ఎవరూ... లేరు."

దగ్గు.

అదే చోట. 'లేరు' తర్వాత. సరిగ్గా ఆయన దగ్గిన చోటే.

మేడం గోడ పట్టుకుంది. పాత పుస్తకాల దుమ్ముకి ఎవరైనా దగ్గుతారు, వాచ్‌మన్ ఆట పట్టిస్తున్నాడేమో అని తనకి తనే సర్దిచెప్పుకుంటోంది. అప్పుడు వినపడింది.

"ఆమెకు... జ... జ కింద ఏదో ఉంది... ఇది తర్వాత చూద్దాం."

ఆ మాట పుస్తకంలో లేదు. ఏ పుస్తకంలోనూ లేదు. ఆ రోజు బల్ల దగ్గర ఆయన అన్నాడు, తను విన్నది. మూడో మనిషి లేడక్కడ.

సిద్ధం చేసుకున్న మాట కోసం నోరు తెరిచింది. మొదటి ముక్క తప్ప ఏమీ రాలేదు.

"తాతగారూ..."

లోపల చదువు ఆగిపోయింది.

వెలుగు ఆరిపోయింది.

కుర్చీ జరిగిన చప్పుడు... అడుగులు... కాళ్ళీడ్చుకుంటూ తలుపు వైపే వస్తున్నాయి... గడియ కదిలింది. తలుపు లోపల్నుంచి తెరుచుకుంది.

"ఎవరమ్మా... ఆయా నువ్వేనా?"

ఒక ముసలావిడ. ఒక చేతిలో చిన్న టార్చిలైటు. రెండో చేతిలో నవల, మధ్యలో వేలు పెట్టి మూసి ఉంది. మేడం కంటే ఆవిడే ఎక్కువ వణుకుతోంది.

"కోప్పడకండమ్మా... నేను రంగులేసే ఆయన ఇంటిదాన్ని."

మేడం లైటు వేసింది. వణుకుతున్న మనిషిని కూర్చోబెట్టి తనూ కూర్చుంది. పెద్దావిడ నెమ్మదిగా, తప్పు చేసిన పిల్లలా చెప్పుకొచ్చింది. ఊడ్చే ఆయా వాళ్ళ పక్కింటామె. వెనక మెట్ల మీంచి ఆమే పంపుతోంది.

"పైన దెయ్యముందని చెప్పేశాను, ఇంకెవరూ రారు, నువ్వు నింపాదిగా చదువుకో అత్తా అందమ్మా. దాని ఉద్యోగం తియ్యొద్దు."

"తియ్యను. కానీ... ఇక్కడికొచ్చి ఎందుకు పెద్దమ్మా?"

"నాకు కార్డు లేదు కదా, పుస్తకం ఇంటికివ్వరు. ఇచ్చినా ఇంట్లో మనవలు నవ్వుతారు." పుస్తకం తెరిచింది. అదే పేజీ. "నాకు ఒక్క అక్షరం రాదమ్మా. కానీ ఈ కాగితం మొత్తం వచ్చు. రోజూ రాత్రి ఆయన దీన్నే పైకి చదివేవాడు, నేను వంట చేసుకుంటూ వినేదాన్ని. మాట నా నోట్లో ఉంది. అక్షరం కాగితం మీదుంది. వేలు జరుపుకుంటూ రెండూ కలుపుకుంటూ పోతే చదువొచ్చేస్తుంది కదా అని..."

"మరి దగ్గు?"

"అక్కడ ఆయన దగ్గేవాడు. నేనూ దగ్గకపోతే తర్వాత మాట గుర్తు రాదు." సిగ్గుపడింది. "అంతా బాగానే పోతుందమ్మా. ఒక్క చోటికొచ్చేసరికి వేలు ఒక దారి, నోరు ఒక దారి. ఎంత వెతికినా దొరకట్లేదు. మీరు చదువుకున్నవాళ్ళు, కాస్త చూపించండి. 'ఇది తర్వాత చూద్దాం' అని... ఎక్కడ రాసుంది?"

మేడం ఆ వేలు పట్టుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగి అక్షరాలు తనకే కనిపించలేదట.

"అది పుస్తకంలో లేదు పెద్దమ్మా. అది ఆయన మాట. ఇదిగో, ఇది జ్ఞాపకం అనే మాట. ఇది రాక అలా అనేవారు."

పెద్దావిడ ఆ అక్షరాల మీద వేలు ఆనించి చూసింది. "అయితే ఆ మాట తీసెయ్యాలా?" అంది.

"వద్దు. ఉంచండి."

ఇప్పుడు చెప్పాలి. ఆ పేజీ లాక్కున్న సంగతి మేడం చెప్పేయాలి. అసలు పైకి వచ్చిందే అందుకు. కానీ ముందు ఒకటి తెలుసుకోవాలి.

"నా గురించి ఆయన ఇంట్లో... ఏమైనా అనేవారా?"

"మీ గురించా? అయ్యో, ఎప్పుడూ మీ మాటే కదమ్మా —"

అప్పుడే వెనక మెట్ల మీంచి ఆయా వచ్చింది. గదిలో లైటూ, లైటు కింద మేడం. ఆయా తనే పుట్టించిన దెయ్యాన్ని తనే చూసినట్టు కెవ్వుమంది. దాన్ని ఊరుకోబెట్టి, మంచినీళ్ళు తాగించి, ఇద్దరినీ గొడుగు కింద పంపేసరికి మాట దాటిపోయింది. పోతూ పోతూ పెద్దావిడ చేతులు పట్టుకుని మేడం ఒక్కటి చెప్పింది.

"ఈ వారం కూటమికి రండి. ఈ పేజీ మీరే చదవాలి. మొట్టమొదటి వంతు మీదే."

అలా చేస్తే కొంతైనా తీరుతుందనుకుంది పాపం. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడం అంటే ఇదే. అడగాల్సిన క్షమాపణ అడగకుండా వంతు ఇచ్చి సరిపెట్టాలనుకుంది. ఆ మాట నేను అనలేదు, ఆవిడే అంది.

కూటమి రోజు అందరూ వచ్చారు. దెయ్యం సంగతి తేలిపోయిందని హెడ్ క్లర్కు మహా హుషారుగా ఉన్నాడు. పెద్దావిడ రాగానే లేచి తన కుర్చీ ఇచ్చాడు కూడా. ఆయన చెడ్డవాడేం కాదు, ఓపిక తక్కువంతే. మేడం ముందే అందరికీ చెప్పి పెట్టింది — ఆవిడ ఎలా చదివినా ఎవరూ నవ్వకూడదని.

పెద్దావిడ వేలు పెట్టింది. చదివింది. లేరు దగ్గర దగ్గింది. జ కింద ఏదో ఉంది, ఇది తర్వాత చూద్దాం అని పుస్తకంలో ఉన్నట్టే చదివింది. పేజీ చివరి దాకా, ఒక్క మాట పోకుండా. ఎవరూ నవ్వలేదు. నర్సమ్మ కళ్ళు తుడుచుకుంది.

చప్పట్లు మోగాయి. అందరికంటే గట్టిగా హెడ్ క్లర్కే కొట్టాడు. "మళ్ళీ ఒక్కసారి చదవండి పెద్దమ్మా" అన్నాడు.

ఆ మాటకి ఆవిడ మొహం వెలిగిపోయింది. అందరి వైపూ ఒక్కొక్కరినీ చూసింది, ఎప్పటి నుంచో తెలిసినవాళ్ళని చూసినట్టు.

"ఆ రోజు ఆయన చదివినప్పుడు కూడా మీరంతా ఇట్లాగే కొట్టారంట కదా. మళ్ళీ చదవమన్నారంట. పై ఆఫీసు నుంచి వచ్చిన పెద్దమనిషి లేచి నిలబడ్డాడంట. ఇంటికొచ్చి రాత్రంతా నాకు అదే చెప్పాడు. ఆయన సంతోషంగా పోయాడమ్మా... మీ అందరి పుణ్యం."

కొట్టే చేతులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

అన్నీ జరిగినవే. చప్పట్లు, మళ్ళీ చదవమనడం, లేచి నిలబడడం. చదివిన మనిషి ఒక్కడే వేరు. ఆ చదివిన మనిషి అక్కడే నిలబడి, రెండు చేతులూ వెనక్కి దాచుకుని నేల చూస్తున్నాడు.

పెద్దావిడ మేడం వైపు తిరిగింది.

"ఆ పేజీ ఆయనకిచ్చింది మీరే కదమ్మా?"

అందరూ తనవైపే చూస్తున్నారని మేడంకి తెలుసు. అవునంటే అబద్ధం. కాదంటే ఆ ముసలిదాని ఇంట్లో మిగిలిన ఒక్క సంతోషం పోతుంది.

"అవును పెద్దమ్మా," అందట. "నేనే ఇచ్చాను."

పెద్దావిడ లేచి వచ్చి ఆవిడ రెండు చేతులూ కళ్ళకద్దుకుంది.